మింగకూడని మాట

షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. వేలూరు ఆసుపత్రి నుంచి సారు కూతురు. "అక్కా... నాయన..." అంది. అంతే, ఆగిపోయింది. మన తెలుగులో క్రియ వాక్యం చివర్న కదా వచ్చేది, పాపం ఆ పిల్ల అక్కడిదాకా రాలేకపోయింది. ఎత్తిన షట్టరు చేత్తో పట్టుకునే, "ఎప్పుడమ్మా?" అని నేనే అడిగాను. "ఇప్పుడే అక్కా, ఆరు గంటలకు" అని ఏడుపు అందుకుంది. పక్కన పూలమ్మే ఆమె నా మొహం చూసి, చేతిలో దారం వదిలేసి, "సారా?" అంది. తలూపాను.

తమిళనాడులో, వేలూరు పక్కన, గుడియాత్తం బజారు వీధిలో నాది టైపింగు, జిరాక్సు షాపు. షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే మేడ మీద సారు క్లాసు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, బ్యాంకు పరీక్షలూ సర్కారు ఉద్యోగ పరీక్షలూ రాసే పిల్లలకు ఆయన గ్రామరు చెప్పేవారు. ఆయన చేత్తో రాసిచ్చిన ప్రశ్నపత్రాలు పదహారేళ్ళు నేను టైపు కొట్టాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. బజారులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. పూలమ్మే ఆమెకూ, బస్టాండులో కండక్టర్లకూ, నాకూ ఆయన సారు. మా వీధిలో సారు అంటే ఇంకొకరు లేరు.

నిజం చెప్పాలంటే ఆ ఫోను నాకు కొత్త వార్త కాదు. ఆయనకేదో జరుగుతోందని కూతురికంటే, డాక్టర్లకంటే ముందు తెలిసింది నాకే. తెలిసీ నోరు మూసుకున్నాను. మూసుకుని ఊరుకుంటే అదొక తీరు. నా చేతులారా దాన్ని దాచిపెట్టాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం రాయాలంటారు. రాస్తాను, ఎంత రాసినా తక్కువే. కానీ నేను చేసింది కూడా రాయకుండా ఈ కాయితం ముగించలేను.

మొదటి రోజు సంగతి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తెల్ల చొక్కా, జేబు నిండా సుద్దముక్కల పొడి, చంకలో గొడుగు. రెండు పేజీల కాయితం నా ముందు పెట్టారు. ఇరవై ఇంగ్లీషు వాక్యాలు. ప్రతి వాక్యాన్నీ నాలుగు ముక్కలు చేసి ఎ, బి, సి, డి అని గుర్తులు పెట్టారు. చివర్న ఇ అని పెట్టి, తప్పు లేదు అని రాశారు. ఏ ముక్కలో తప్పుందో పిల్లలు దానికి సున్నా చుట్టాలి. ఎక్కడా లేకపోతే ఇ కి చుట్టాలి. నాకు ఇవేవీ తెలీవు. టైపు పరీక్ష హయ్యరు పాసయ్యానని నాకు కొంచెం పొగరు. కనపడిన తప్పునల్లా దిద్ది నీటుగా కొట్టిచ్చాను. ఆయన చదివి తలపట్టుకున్నారు.

"ఏందమ్మణ్ణీ ఇట్ట చేసేసినావు?"

"తప్పులుండె సార్, దిద్దినాను."

"ఆ తప్పులే కదమ్మా నా సరుకు! దిద్దేస్తే ఇంక నా అంగట్లో ఏముండాది?" అని పకపకా నవ్వారు. నవ్వి, వేలు పైకెత్తి చెప్పారు. "తప్పును తప్పుగానే కొట్టు. నీకు ఎంత కంటగింపుగా ఉన్నా సరే, నా తప్పును ముట్టుకోవద్దు." పదహారేళ్ళు అదే మాట మీద ఉన్నాను. ఆ మాటే మా ఇద్దరినీ ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. దానికి ఇంగ్లీషులో ఎలిప్సిస్ అని పెద్ద పేరు. సారు మాత్రం "మింగుడు" అనేవారు. వాక్యంలో ఒక మాటను చెప్పకుండా మింగేయడం. కొన్ని మింగొచ్చు. 'రవి వెంట్ టు వేలూర్, అండ్ హిస్ బ్రదర్ టు చిత్తూర్' అంటే తమ్ముడు కూడా వెళ్ళాడని అర్థమవుతుంది, రెండో వెంట్ అక్కర్లేదు. కొన్ని మింగకూడదు. 'ఐ హావ్ నాట్ అండ్ విల్ నాట్ గో' అంటే తప్పు. విల్ నాట్ తర్వాత గో సరిపోతుంది గానీ, హావ్ నాట్ తర్వాత గాన్ అని విడిగా ఉండాలి. జరిగిపోయిన కాలానికీ రాబోయే కాలానికీ ఒకే మాటతో సరిపెట్టలేం. పిల్లలకు ఇది ఒక పట్టాన ఎక్కేది కాదు. అప్పుడు ఆయన బోర్డు వదిలేసి, గొడుగు చంకలో పెట్టుకుని, గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగేవారు.

"ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమంటారప్పా?"

"పోయొస్తా అంటాం సార్." తమిళం పిల్లలు "పోయిట్టు వరేన్ సార్" అని అరిచేవాళ్ళు.

"అందులో రెండు క్రియలుండాయి. పోయి ఒకటి, వస్తా ఒకటి. ఆ రెండోది మింగేసి, ఉత్త 'పోతా' అన్నామనుకో. ఏమైతాది?"

"మాయమ్మ చీపురెత్తుతాది సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అనేవాళ్ళు.

"యాల ఎత్తుతాది? అపశకునమని! నోట్లోంచి ఒక్క మాట తగ్గితే మనిషే తిరిగి రాడేమోనని భయం. మనోళ్ళకు ఇంగ్లీషు రాదంటారు గానీ, ఏది మింగాలో ఏది మింగకూడదో మీయమ్మకు తెలిసినంత ఎవురికీ తెలీదు."

కింద షాపులో కూర్చుని ఈ పాఠం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. క్లాసు వదిలి మెట్లు దిగేటప్పుడు ప్రతిరోజూ నా కౌంటరు మీద గొడుగుతో రెండుసార్లు తట్టి, "పోయొస్తానమ్మణ్ణీ" అనేవారు. "పోయి రండి సార్" అని నేను అనేదాన్ని. నేను ఫోనులో ఉండి బదులివ్వకపోతే, ఇచ్చేదాకా అక్కడే నిలబడేవారు.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అదీ ఆయన చలవే. మావాళ్ళు పరదరామి పక్క సేద్యగాళ్ళు. ఎన్ని తరాలనుంచో ఇంట్లో తెలుగే, బళ్ళో మాత్రం తమిళమే. నోరు తెరిస్తే గడగడా మాట్లాడతాం, అక్షరం చూపిస్తే బిక్కమొహం వేస్తాం. ఒకరోజు చిత్తూరు నుంచి వచ్చిన పెళ్ళిపత్రిక చదవలేక ఆయన్ని అడిగాను. చదివి పెట్టారు. మర్నాడు ఒక తెలుగు క్యాలెండరు తెచ్చి నా మిషను వెనక మేకుకు తగిలించారు. "నీవు మాట్లాడే మాట నీకే గుర్తు తెలీకుంటే ఎట్టమ్మా" అన్నారు. రోజుకొక అక్షరం. ఏడాది తిరిగేసరికి ఆయన ప్రశ్నపత్రం పైన "రేపటికి కావాలి" అని తెలుగులో రాసిస్తే చదివేశాను. ఆ రోజు నా సంబరం చూడాలి!

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఏటి గట్టు దగ్గరి మాట. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మోర్ధానా ఆనకట్ట నిండింది, నీళ్ళు వదులుతారు, ఏట్లోకి ఎవరూ దిగవద్దని పొద్దున్నే ఆటోలో మైకు పెట్టి చెప్పి పోయారు. మధ్యాహ్నం పైన క్లాసులో కాలాల పాఠం నడుస్తోంది. మోర్ధానా దగ్గరి పల్లె నుంచి వచ్చే పిల్లవాడొకడు అమ్మతో ఫోను మాట్లాడి లోపలికొచ్చాడు. ఆలస్యమెందుకైందని సారు అడిగితే, "మాయమ్మ సార్, నీళ్ళు వదిలేసినారంట, జాగర్త అని చెప్తావుండె" అన్నాడు.

సారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారంట. "మళ్ళా చెప్పు నాయనా. వదులుతారు అన్నాదా, వదిలేసినారు అన్నాదా?"

"వదిలేసినారు సార్."

ఆయన మెట్లు దడదడా దిగడం నాకు వినిపించింది. గొడుగు కూడా తీసుకోలేదు. వెనకే క్లాసంతా. నేనూ షాపు వదిలి పరిగెత్తాను. ఏటి ఇసకలో లుంగీల నూలు రంగులద్ది ఆరేసుకుని ఏడెనిమిదిమంది ఆడవాళ్ళున్నారు. సారు గట్టుమీంచి కేకలు పెట్టారు. వాళ్ళు తీరిగ్గా, "ఇంకా వదులుతారంట కదా సార్, మైకులో చెప్పినారు" అన్నారు.

"అది పొద్దుటి మాటమ్మా! పొద్దున అది నిజమే. ఇప్పుడు పాస్టు టెన్సు! లెయ్యండి, లెయ్యండి!"

పిల్లలు దిగి నూలు మోశారు. ఆఖరి ఆమె గట్టెక్కి కొంగు పిండుకునే లోపల ఎర్రటి నీళ్ళు వంపు తిరిగి వచ్చాయి. చప్పుడు లేకుండా వచ్చాయి, అదే నాకిప్పటికీ భయం. సారు ఆయాసపడుతూ గట్టు మీద కూలబడి, "వచ్చేదాన్ని చూసి భయపడతారు గానీ, వచ్చేసినదాన్ని ఎవురూ చూడరప్పా" అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు మామూలుగానే వినపడింది.

ఆ తర్వాతి వానాకాలంలో మొదలైంది. ఒక ప్రశ్నపత్రంలో ఏడో వాక్యం. 'ది మ్యాన్ హూ ఎ, హియర్ యెస్టర్డే బి, ఈజ్ మై సి, అంకుల్ డి.' నిన్న ఇక్కడికి ఆ మనిషి ఏం చేశాడు? కేమ్ అనే మాట లేదు. మింగకూడని మాట. సరే, కొత్త రకం మింగుడు పెట్టారనుకుని, తప్పును తప్పుగానే కొట్టాను. క్లాసులో పిల్లలు కొట్టుకున్నారు. తప్పు ఎ లో ఉందని కొందరు, బి లో ఉందని కొందరు. చివరికి సారునే అడిగితే ఆయన కాయితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "కనిపెట్టినారా? భలే!" అన్నారంట. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కింద నాకు వినపడ్డాయి.

తప్పులు పెట్టడమే పనిగా ఉన్న మనిషి తప్పు చేస్తే ఎవరు కనిపెడతారు చెప్పండి. బోర్డు మీద ఆయన 'రేపు' కింద 'కేమ్' అని రాస్తే పిల్లలు పోటీలు పడి చేతులెత్తేవాళ్ళు. సారు ట్రిక్కులు ముదిరిపోతున్నాయని మెట్ల మీద గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

తెలుగులో ఇంకా మోసం. "అమ్మణ్ణీ, టీ..." అనేవారు. టీ తెప్పించేదాన్ని. "ఆ గొడుగు..." అంటే అందించేదాన్ని. "బస్సు..." అంటే పూలమ్మే ఆమె "ఇంకా రాలేదు సార్" అనేది. మన మాటలో క్రియ చివర్న కదా, అది రాకముందే అందరం అందుకుని పూర్తిచేసేస్తాం. మర్యాద అనుకుంటాం దాన్ని. అలా బజారు బజారంతా కలిసి ఆయన వాక్యాలు పూర్తిచేస్తూ పోయాం. ఇంగ్లీషులో క్రియ నడిమధ్యన ఉంటుంది, అక్కడ గొయ్యి కనపడుతుంది. ఆ గొయ్యి చూసేది నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆయన చేతిరాత చూసేది నేనొక్కదాన్నే.

ఇరవైలో ఒకటి ఉండేది మూడైంది. మూడు ఆరైంది. ఒకరోజు తెగించి అడిగేశాను. "సార్, ఈ నాలుగో దాంట్లో క్రియే లేదు సార్. కొట్టేదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వాక్యం మీద వేలు పెట్టి ముందుకు జరిపారు, వెనక్కి జరిపారు. ఆ వేలు ఎక్కడ ఆగాలో తెలీక తిరుగుతూనే ఉంది. ఆయన మొహంలో భయం చూశాను. పదహారేళ్ళలో చూడనిది. తర్వాత, అప్పచెప్పినట్టు, ఒక్క మాట కూడా మింగకుండా, "తప్పును తప్పుగానే కొట్టు" అన్నారు. అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. కౌంటరు తట్టలేదు. నేను ఆ సాయంత్రమే వేలూరు పక్క బాగాయంలో ఉన్న కూతురికి ఫోను చేసి ఉండాల్సింది. నంబరు కూడా తీశాను. ఏమని చెప్పాలి? మీ నాయన ప్రశ్నపత్రంలో తప్పులుండాయమ్మా అనా? నవ్వుతుందేమో అనుకుని ఫోను పక్కన పెట్టేశాను.

తర్వాత వచ్చింది ఆ పత్రం. పిల్లలకు పరీక్ష దగ్గర పడుతోంది, ఇక ఆరు క్లాసులే ఉన్నాయి. ఇరవై వాక్యాలు, ఇరవైలోనూ క్రియ లేదు. 'మై బ్రదర్ టు చెన్నై ఎవ్రీ మంత్.' 'ది రెయిన్ బిఫోర్ ది బస్.' మనుషులున్నారు, ఊళ్ళున్నాయి, వానా బస్సూ ఉన్నాయి, ఏదీ జరగడం లేదు. మిషను ఆపేశాను. ఇది అచ్చు వేసి పైకి పంపితే ఏమవుతుందో తెలుసు. పిల్లలు మొదట ట్రిక్కు అనుకుంటారు, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, తర్వాత ఎవడో ఒకడు నవ్వుతాడు. ఆయన బోర్డు ముందు నిలబడి ఉండగా నవ్వుతాడు.

అది నేను ఓర్చుకోలేకపోయాను. నాకు అంత బుద్ధి ఎక్కడేడ్చింది! ఆయన మాట మొదటిసారి దాటి, ఇరవై వాక్యాల్లోనూ క్రియలు నేనే పెట్టాను. పెట్టి, వాటిల్లో ఒక్కో తప్పు కూడా నేనే పుట్టించాను, ఆయన పుట్టించేటట్టుగానే. అచ్చు కాయితాలు పైకి పోయాయి. క్లాసు సజావుగా నడిచింది. సాయంత్రం దిగి వచ్చి కౌంటరు తట్టి, "పోయి..." అన్నారు. "పోయి రండి సార్" అన్నాను నేను, హడావుడిగా. అలా ఆరు పత్రాలు దిద్దాను. వానాకాలం నుంచి వచ్చిన ఆయన చేతిరాత కాయితాలు మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు. అట్టపెట్టెలో అడుగున పెట్టాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదో, దొంగకు సాక్ష్యం ఉండాలనిపించిందో, ఏమో.

పిల్లలు పరీక్ష రాసి వచ్చారు. ఆ మర్నాడే సారు బస్టాండులో వేలూరు బస్సెక్కి కూర్చున్నారు, కూతురింటికి. కండక్టరు టికెట్టు యాడికని అడిగితే చెప్పలేకపోయారు. కిటికీలోంచి చెయ్యి చూపించి, "కూతురు... కూతురు..." అన్నారంట. కండక్టరు ఎరిగినవాడే, ఆయన ఫోనులోంచి నంబరు తీసి ఆ పిల్లకు చేశాడు. రెండు రోజుల్లో వేలూరు ఆసుపత్రిలో స్కాను తీశారు. తలలో ఎడమవైపు గడ్డ. మాటలుండే చోటంట అది.

కూతురు నాకు ఫోను చేసింది. "అక్కా, ఎన్నాళ్ళ నించి ఇట్ట ఉండాదని డాక్టరు అడుగుతాండాడు. నేను వారానికొకసారి ఫోనులో మాట్లాడేదాన్నే గానీ నాకేమీ తెలీలేదు. ఆయన రోజూ నీ షాపు మీదనే కదా పోయేది. నీకేమన్నా కనపడినాదా?"

"తెలీదమ్మా" అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. ఫోను పెట్టేశాక ఆ రోజు నేను కొట్టిన ప్రతి కాయితంలోనూ తప్పులే. ఎవరిదో ఇంటి అద్దె పత్రంలో ఊరి పేరే మింగేశాను. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు అట్టపెట్టె చంకన పెట్టుకుని వేలూరు బస్సెక్కాను. దారి పొడుగునా అది ఒళ్ళో ఉంటే, లోపల ఏదో ప్రాణమున్నది కూర్చున్నట్టే ఉంది.

బాగాయంలో ఆ పిల్ల ఇంట్లో, సారు లోపలి గదిలో నిద్రపోతుంటే, ముందుగది మంచం మీద కాయితాలన్నీ వరసగా పరిచాం. వానాకాలం నుంచి ఇప్పటిదాకా. మొదట ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఆరు, చివరికి అన్నీ. గుడ్డివాళ్ళకు కూడా కనపడేట్టుంది. ఆ పిల్ల లేచి బీరువాలోంచి ఇంకో కట్ట తెచ్చింది. పైకి పంపిన అచ్చు కాయితాలు. సారు తన ఇంటి నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చుకున్నారంట, బట్టలకంటే ముందు. పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇందులో లేని మాటలు అందులో ఉండాయే. ఎవురు రాసినారక్కా?"

"నేనే."

ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఒక్క ఫోను చేసుంటే చాలు కదక్కా" అని మాత్రం అంది. అని, కాయితాలన్నీ జాగ్రత్తగా సర్దింది.

సాయంత్రం ఇద్దరం డాక్టరును కలిశాం. పెద్దాయన, నిదానస్తుడు, తెలుగువాడే. కాయితాలు తిరగేశాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "అప్పుడే తెచ్చుంటే సార్?"

"ముందే వచ్చుంటే..." అన్నాడు. అని ఆగి, కళ్ళు స్కాను వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆపరేషను గురించి మాట్లాడాడు. చేస్తామన్నాడు, మాటివ్వలేనన్నాడు. నేను మాత్రం ఆ 'ఉంటే' దగ్గరే ఉండిపోయాను. ఇఫ్ పెట్టి హ్యాడ్ పెడితే, జరగనిదాన్ని గురించి, ఇక జరగబోనిదాన్ని గురించి చెప్పడం అని సారు పాఠం. అందులో రెండో సగం ఎప్పుడూ మింగకూడదనేవారు. డాక్టరు దయగల మనిషి, మింగేశాడు.

ఆపరేషనుకు ముందురోజు మళ్ళీ బాగాయం పోయాను. సారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. తల గొరిగేశారు. జేబులో సుద్దపొడి లేని చొక్కా ఆయన మీద ఎవరిదో లాగా ఉంది. నన్ను చూసి "అమ్మణ్ణీ" అన్నారు, ఆ మాట మాత్రం పోలేదు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. "మీ తప్పుల్ని దిద్దినాను సార్. దిద్దొద్దన్నారు, దిద్దేసినాను. దాచిపెట్టినాను. నా వల్లనే సార్." ఏడుపు ఆగలేదు.

ఆయన కూతురి వైపు చెయ్యి చాపారు. "కాయితం" అన్నారు. ఆ పిల్లకు అర్థమైంది, అచ్చు కాయితాల కట్ట తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆరు పత్రాలు. తిప్పి చూపించారు. నేను పెట్టిన ప్రతి క్రియ పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు ఉంది. ఒక్కో పత్రం కింద తేదీ ఉంది, క్లాసులు నడిచే రోజుల్లోనే పెట్టినవి; మొన్న మంచం మీద పరిచినప్పుడు సిగ్గుతో నేను వాటివైపు సరిగా చూడనే లేదు. నూట ఇరవై వాక్యాలూ దిద్దేశారు. రెండో పత్రంలో ఒక్కచోట మాత్రం సున్నా చుట్టి ఉంది. 'హాజ్ కమ్ యెస్టర్డే' అని కొట్టాను నేను, కావాలని పెట్టిన తప్పు కాదు, తెలీక చేసింది. యెస్టర్డే ఉంటే హాజ్ రాదు, జరిగిపోయిందంటే జరిగిపోయిందే. ఆయన ఆ సున్నా మీద వేలుపెట్టి నా వైపు చూసి, కనుబొమలెత్తారు. పదహారేళ్ళుగా వింటూ ఇదా నేర్చుకున్నావు అన్నట్టు. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

అంటే ఆయనకూ తెలుసు. తను రాయని మాటలు అచ్చులో చూసుకుంటూ, కింద నేను దాస్తున్నానని తెలిసీ, పైన ఆయనా దాచుకున్నారు. మేడ మీద ఒకరం, మేడ కింద ఒకరం. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడి, ఏమీ లేనట్టు పోయొస్తా, పోయి రండి అనుకున్నాం.

బస్సు వేళైంది. లేచి, "పోయొస్తాను సార్" అన్నాను. "పోయి రామ్మా" అనాలి ఆయన. పెదవులు కదిలాయి, మాట రాలేదు. రేపు ఆపరేషను గది తలుపుల్లోకి పోయేది ఆయన, నేను కాదు. ఆయన నోట పోయొస్తా అనే మాట వినకుండా మెట్లు దిగబుద్ధి కాలేదు. నోటితో రాకపోతే పెన్నుతో చెప్పిద్దామనిపించింది. సున్నాలు చుట్టడం ఆయనకింకా వచ్చు కదా. సంచిలోంచి కాయితం తీసి, ఆయన నేర్పిన అక్షరాలతోనే తెలుగులో ప్రశ్న రాశాను. ఆయన రాసే తీరులోనే ముక్కలు చేశాను.

'సారు ఎ, ఆసుపత్రికి బి, పోయి సి, వస్తారు డి, తప్పు లేదు ఇ.'

చిన్నపిల్లకు సుద్ద అందించినట్టు ఆయన ఎర్ర పెన్ను చేతికిచ్చాను. "తప్పెక్కడుండాదో చుట్టండి సార్" అన్నాను. ఇ కి చుడతారని నాకు గట్టి నమ్మకం. నా కోసమైనా చుడతారని. అది చేతపట్టుకుని ధైర్యంగా గుడియాత్తం పోవచ్చనుకున్నాను.

ఆయన చదివారు. అక్షరమక్షరం చదివారు. ఇ దగ్గర పెన్ను ఒక క్షణం నిలబెట్టి నా మొహం చూశారు. తర్వాత పెన్ను ఎడమకు జరిపి, డి చుట్టూ, వస్తారు చుట్టూ సున్నా చుట్టారు. కాయితం మడిచి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు ఆయన వేళ్ళతో మూశారు. కూతురు వంటింట్లోంచి వస్తూ, "ఏం రాసినాడక్కా నాయన?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. మళ్ళీ దాచాను.

ఆపరేషను జరిగింది. పదకొండు రోజులున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు.

మేడ మీద క్లాసుకు తాళం వేసి ఉంది. ఆయన గొడుగు నా దగ్గరే ఉంది. ఇది రాస్తున్నంతసేపూ ఆ కాయితం నా ముందే పెట్టుకున్నాను. ఇందులో నేనేం మింగానో, ఏ కాలం తప్పానో చుట్టి చూపించేవాళ్ళు ఇక లేరు. ఆ పిల్లకు కూడా ఇది ఇక్కడే, మీతోపాటే తెలుస్తుంది. జిరాక్సు మిషను వెలుగులో పెట్టి చూస్తే ఆ సున్నా బాగా కనపడుతుంది. ఎర్రటి సున్నా. రెండు కొసలూ కలవలేదు. వస్తారు అనే మాట పక్కన, ఒక నూలుపోగు పట్టేంత సందు అలాగే ఉంది.